అతుకుల వరుస

పదమూడో వారం

మొదటి నుంచీ చదువుతున్నవాళ్లకు ఇదంతా తెలిసిందే. కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. నకిరేకల్ దగ్గరి పల్లెలో బిక్షం అనే నేతగాడు ఉండేవాడు. నూలు దొరకక మగ్గాలన్నీ మూలపడ్డ ఏడు, ఫాల్గుణంలో, షోలాపురం పోయి పని చూసుకొని వస్తానని ఇల్లు కదిలాడు. మళ్లీ రాలేదు. ఉత్తరం ముక్క లేదు. అతని తల్లి సావిత్రమ్మ, రెండేళ్ల కాపురం చేసిన భార్య ఆండాళు, ఇద్దరే ఆ ఇంట్లో పన్నెండేళ్లు గడిపారు.

ఆ పన్నెండేళ్లలో ఆండాళు మగ్గం గుంటలోకి దిగి నేత నేర్చుకుంది. ఆడది నేయడమేమిటని నవ్విన ఊరే తర్వాత ఆమె నేసిన చీరలు కట్టింది. కానీ సొసైటీలో సభ్యత్వం బిక్షం పేర ఉంది. అతని బదులు పాలివాడు సిద్దిరాములు సంతకం పెట్టి నూలు తెస్తాడు, నేసిన గుడ్డ బిక్షం పేరే చెప్పుకుంటుంది. పేరు మార్చమని అడిగితే, మనిషినైనా తీసుకురా, లేదా మనిషి లేడని తేల్చుకొనిరా అన్నారు సొసైటీవాళ్లు. పన్నెండేళ్లు జాడ లేనివాడికి గయలో పిండం పెడితే లేనట్టే లెక్క అని కులపెద్దలు తేల్చారు. ఆండాళు సరేనంది. సావిత్రమ్మ అవుననలేదు, కాదనలేదు, మూట కట్టుకొని కోడలి వెంట యాత్రకు బయల్దేరింది.

సికింద్రాబాదులో రైలెక్కిన ఇరవై ఎనిమిది మందీ కాశీ చూశారు, ప్రయాగ చూశారు, దేశం దాటి నేపాళం వచ్చి పశుపతినాథుణ్ని చూశారు. పోయిన వారం అత్తాకోడళ్లను ఖాట్మండు ధర్మశాల గుమ్మంలో, కాళ్లకు ఆముదం రాసుకుంటుండగా వదిలిపెట్టాం. తెల్లవారింది. ఇది పరాయి దేశంలో వాళ్ల చివరి దినం.

యాత్ర పెద్ద వెంకటనర్సు పొద్దున్నే విజిలు ఊదాడు. ఆ విజిలు అంటే ఇప్పుడు అందరికీ కంపరం. నకిరేకల్‌లో గొంగళ్ల వ్యాపారం చేసుకునే మనిషి, ఏటా ఒక గుంపును కాశీకి తీసుకుపోతాడు. ఈ ఏడు నేపాళం కూడా కలిపాడు. మంచివాడే, కానీ ఆయన నోట ఒక మాట ఉంది, దానికి ఎదురు చెప్పగలిగిన మొనగాడు ఆ గుంపులో పుట్టలేదు.

"మల్ల ఈ జన్మల వస్తమా? లేవుండ్రి, లేవుండ్రి!"

ఈ జన్మలో మళ్లీ రామన్న ఒక్క మాట మీద వాళ్లు పదహారు రోజులుగా మెట్లెక్కుతున్నారు, దిగుతున్నారు. ఇక ఎవరికీ దేవుడి ముఖం గుర్తుండటం లేదు. నిన్న చూసింది విష్ణువో బుద్ధుడో అని ఎవరైనా బిక్కముఖం వేసి అడిగితే, ఎవరైతేనేం దండం పెట్టినవు గదా అని వెంకటనర్సు తోసేశాడు. జొన్నరొట్టె మీద బెంగ పట్టుకుంది. పొరుగింటి సుభద్రమ్మ అయితే పచ్చిపులుసు తలచుకొని నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఇయ్యాల్టితోని అయిపాయె," అన్నాడు వెంకటనర్సు. "భాత్‌గావ్ ఒక్కటి చూసుకుందం. రేపు పొద్దుగాల బస్సెక్కితే సరిహద్దు దాటి రక్సౌల్. ఆడ గయ పండా మనిషి కూసోని ఉంటడు. ఎవ్వరెవ్వరికి పిండాలు పెట్టాల్నో పేర్లు, తిథులు ఆయన చేతిల పెట్టాలె. గందుకని ఇయ్యాల్నే రాసుకుంట. యాది తెచ్చుకోని చెప్పుండ్రి."

ఆ మాట విన్నప్పటి నుంచి సావిత్రమ్మ ముద్ద మింగలేదు. ఆండాళు గమనించింది కానీ అడగలేదు. అడిగి విని మళ్లీ దానికి జవాబు చెప్పే ఓపిక ఆమెకు లేదు.

భాత్‌గావ్‌లో బస్సు దిగేసరికి ఎండ బాగానే కాచింది గానీ చలి పోలేదు. ఇటుక పరిచిన వీధులు, చెక్కుడు కిటికీల ఇళ్లు, వాటి మధ్య అయిదంతస్తుల గుడి. గుడికి పోయే మెట్ల పక్కన రాతి మల్లులు, ఏనుగులు, సింహాలు. వెంకటనర్సు తలపైకెత్తి చూసి, "ఎక్కుండ్రి!" అన్నాడు. ఇరవై ఆరుగురు మూలుగుతూ ఎక్కారు. సావిత్రమ్మ మొదటి మెట్టు మీదే చతికిలబడింది.

"నాతోని గాదు తమ్మీ. కాళ్లు ఉబ్బినయి."

"మల్ల ఈ జన్మల..."

"ఈ జన్మకు ఇదే సాలు, నువ్వు పో."

అత్తకు తోడుగా ఆండాళు ఉండిపోయింది. నిజానికి ఆమె కాళ్లు కూడా పచ్చిపుండ్లలా ఉన్నాయి. ఇద్దరూ కాసేపు కూర్చున్నాక సావిత్రమ్మ ముక్కు ఎగబీల్చింది. గంజి వాసన. ఎక్కడికి పోయినా నేతగాళ్లకు ఆ వాసన పట్టించుకోకుండా ఉండటం రాదు. ఎదురు సందులో ఒక ఇంటి ముందు, ఎండలో, నల్లచీర కట్టిన ఒక ఆడమనిషి నేల మీద కూర్చొని పని చేసుకుంటున్నది. మగ్గం మీద అయిపోయిన పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతుకుతున్నది.

చదివేవాళ్లలో నేత ఎరగనివాళ్లు ఉంటారు కాబట్టి చెప్పాలి. పడుగు అంటే నిలువు పోగులు, పేక అంటే అడ్డపోగు. ఒక పడుగు నేయడం అయిపోవచ్చినా కొసదాకా నేయరు. పోగులు దూర్చే అచ్చులో కొద్దిగా పోగులు మిగిల్చి, కొత్త పడుగులోని ప్రతి పోగునూ పాత పోగుకు కలిపి, వేళ్లకు బూడిద అద్దుకొని, పురి పెట్టి అతుకుతారు. వెయ్యి పోగులుంటే వెయ్యి అతుకులు. అది ఆడవాళ్ల పని. మగవాడు నేస్తాడు, అతికేది మాత్రం ఇంటి ఆడది. అందుకే అతుకును చూస్తే ఏ ఇంటి వేళ్లో పని తెలిసినవాళ్లు చెప్పగలరు.

సావిత్రమ్మ లేచి పోయి ఆ నల్లచీర ఆమె పక్కన కూర్చుంది, వెనకే ఆండాళు కూడా. భాష లేదు. చెయ్యి చాపింది. ఆమె నవ్వి బూడిద గిన్నె ముందుకు జరిపింది. అంతే, సావిత్రమ్మ వేళ్లు పరుగెత్తాయి. నడవలేని మనిషి నూరు అతుకులు దించేదాకా తల ఎత్తలేదు. ఆండాళుకు పదహారు రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది.

"పసుపతినాథుని కాడ గూడ గింత నిమ్మలంగ కూసోలేదు గదత్తా నువ్వు."

సావిత్రమ్మ నవ్వలేదు. పోగు మీద నుంచి చూపు తీయకుండానే అంది.

"ఆండాళూ. గయల పిండం వద్దు బిడ్డా."

ఆండాళు ముఖంలో నవ్వు ఆరిపోయింది. "ఇంటికాడ అందరు కూసున్ననాడు నోరెందుకు తెరువకపోతివి? ఇంత దూరమొచ్చినంక..."

"వాడు బతికున్నడు."

"అత్తా..."

"అడ్డం రాకు. చెప్పనీయి, మల్ల చెప్పలేను." ఆమె వేళ్లు ఆగలేదు. "రెండేండ్ల కింద మా చెల్లె బిడ్డ పుష్పమ్మ షోలాపురం నుంచి చీర తెచ్చింది సూడు, నా కోసమని. బజార్ల కొన్నదట. ఆ కొంగు మొదలుపెట్టేకాడ ఒక్క పసుపు పేక ఉంది బిడ్డా. ఒక్కటే పేక. మీ మామ దండం పెట్టుకోని ఏసేటోడు, వాడికి గూడ అదే నేర్పిండు. ఈ లోకంల ఇంకెవ్వరు ఎయ్యరు. ఎడమంచు బిగువు, కుడంచు వదులు. చిన్నప్పుడు చెయ్యి విరిగిందని వాని నేత ఎప్పటికి అంతే. నా కొడుకు నేసిన గుడ్డ నాకు తెల్వదా?"

"ఆ చీర పెట్టె అడుగున పెట్టి, నేను సచ్చిననాడు కప్పుండ్రి అంటివి."

"దాచిన. మల్ల నీ కండ్ల పడొద్దని దాచిన." సావిత్రమ్మ ఇప్పుడు తలెత్తింది. ముసలి కళ్ల నిండా నీళ్లు. "తెలిస్తే నువ్వు షోలాపురం పోతవు. వాడు వస్తే వస్తడు, లేకుంటె నువ్వు ఆడనే ఉంటవు. నాకెవ్వరున్నరు? నిన్ను కాపలా కాసుకున్న. పాపిష్టిదాన్ని. ఇప్పుడు బతికున్న కొడుక్కు నా ముంగటనే పిండం పెడ్తరంటే నా పానం ఒప్పుకుంటలేదు. నువ్వు తిడితే తిట్టు. వాణ్ని సంపకు బిడ్డా."

ఆండాళుకు కోపం రాలేదు, ఆశ్చర్యం అసలే కలగలేదు. ఒళ్లంతా అలసట మాత్రం ఉంది, అది ఈ యాత్రలో పట్టుకున్నది కాదు. పేరంటాల్లో కుంకుమ పళ్లెం తన దాకా వచ్చి ఒక్క క్షణం ఆగేది, పెట్టాలా వద్దా అని ఇచ్చేవాళ్ల చెయ్యి తడుముకునేది. ఆ తడుములాటకు పన్నెండేళ్లు. అది మోసీ మోసీ ఆమె విసిగిపోయింది.

"నాకెరుకనే," అంది చివరికి.

"ఏంది?"

"వాడు బతికున్నడని నాకెరుకనే అత్తా. పుష్పమ్మక్క ఆ చీర మంచం మీద ఇప్పిననాడే సూసిన. మడత పెట్టింది నేనే గదా. పసుపు పేక సూసిన, అంచులు సూసిన. మడత పెట్టి నీ చేతికిచ్చి పోయి నూలు కండెలు చుట్టుకుంట కూసున్న."

సావిత్రమ్మ వేళ్ల మధ్య పోగు తెగింది. నల్లచీర ఆమె ఇద్దరినీ మార్చిమార్చి చూసి, ఆ పోగును తానే తీసుకొని అతికి, పక్కకు జరిగి పని చేసుకుంది.

"ఎరుకుండి... ఎరుకుండే పిండానికి ఒప్పుకుంటివా?"

"ఒప్పుకున్న."

"వాడు నీ మొగడే!"

"నువ్వు పసుపు పేక సూసి కొడుకు బతికిండని మురిసినవు. ఆడనే ఆగినవు. నేను ఆగలే." ఆండాళు గొంతు పెంచలేదు. అలసిపోయినవాళ్లు గొంతు పెంచరు. "కొంగు కొసకు దారాలు కత్తిరించలే సూడు, ఆ దారాలల్ల అతుకుల వరుస ఉండె. పాత పడుగుకు కొత్త పడుగు అతికిన వరుస. మనం పురి రొమ్ము దిక్కు పెడ్తం. అవి బయటి దిక్కు పెట్టినయి. సన్నగ, సాపుగ, ఒక్కతీరుగ. మగ్గం మీద గుంజి గుంజి కాయలు కాసిన మొగోని వేళ్లకు ఆ సన్నతనం రాదత్తా. ఆ పడుగును ఒక ఆడమనిషి అతికింది. వాని ఇంట్ల ఆడమనిషి."

సావిత్రమ్మ వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది.

"ఇంకున్నది, విను. ఆ వరుస నడుమ పది పన్నెండు అతుకులు లావుగ, వదులుగ ఉన్నయి. నేర్సుకుంటున్న చేతులవి. చిన్న చేతులు. తల్లి పక్కన కూసోని, నేను గూడ అతుకుత అని మారాం జేస్తే, కానియ్యి అని ఇడిసిపెట్టిన అతుకులు. ఇయ్యేడు దానికి తొమ్మిదో పదో ఉంటయి కావచ్చు."

సందులో ఎక్కడో ఇత్తడి గిన్నె కింద పడ్డ చప్పుడయింది. సావిత్రమ్మ ఆ చప్పుడు వినలేదు. ఆమె ముఖం మీద ముందు భయం కదిలింది, తర్వాత ఇంకేదో కదిలింది. అది ఆమె ఆపుకోలేకపోయింది.

"ఆడపిల్లనా?"

ఆ ఒక్క మాటకు ఆండాళు లేచి నిలబడింది. పన్నెండేళ్లుగా అత్త మీద ఏనాడూ ఎత్తని గొంతు ఎత్తింది.

"సంబురమాయెనా? మనుమరాలుందని సంబురమాయెనా అత్తా? నా ముంగట అడుగుతున్నవా ఆ మాట? నీ కొడుకు రెండేండ్లు కాపురం జేసి నన్ను గుంటల కూసోబెట్టి పోయిండు. నీ మూత్రం ఎత్తిన, నీకు జరమొస్తే నకిరేకల్ దవాఖానకు భుజాన మోసుకపోయిన. నేనేమన్న కన్ననా, పెంచిననా, నాకంటూ ఏమున్నది? ఒక మగ్గం ఉన్నది. అది గూడ వాని పేర ఉన్నది!"

"తప్పాయె బిడ్డా. నోరు జారింది..."

"జారనియ్యి. నిజమే గదా." ఆమె మళ్లీ కూలబడింది. అంత కోపం కూడా నిలుపుకునే బలం లేకపోయింది. "షోలాపురం పోదునా అనుకున్న. పోయి ఏమని నిలవడుదు? ఆ పిల్ల తలుపు తీస్తే ఏమని చెప్పుదు? వానికో ఇల్లున్నది. నేను ఆ ఇంటికి పోయి కొట్లాడేంత పావురం, ప్రేమ నాకు లేదత్తా ఇప్పుడు. వాడు బతకనీ. సల్లగుండనీ. నాకు మాత్రం సచ్చిండు. నా పేర మగ్గం రావాలె, నా నూలు నేను తెచ్చుకోవాలె. ఆ సిద్దిరాములు ముంగట నేను ఇంకొకసారి చెయ్యి చాపను."

సావిత్రమ్మ బూడిద అంటిన తన వేళ్లను చూసుకుంది. ఇప్పటిదాకా కోడలి దగ్గర తానే నిజం దాచిపెట్టానని అనుకుంది. దాచిపెట్టింది కోడలే అని, రెండేళ్లుగా ఇద్దరూ ఒకే చీర గురించి ఒకే ఇంట్లో నోరు నొక్కుకొని బతికారని ఆ ముసలామెకు అప్పుడు తెలిసింది. తనను విడిచి పోతుందేమోనని భయపడ్డ మనిషి, పోవడానికి కారణమంతా చేతిలో ఉండి కూడా పోలేదు. ఆ సంగతి ఆమెను కొడుకు తిరిగి రాకపోవడం కన్నా ఎక్కువ కుంగదీసింది.

గుడి మెట్ల దగ్గర విజిలు మోగింది. ఇద్దరూ లేచి అక్కడికి వచ్చారు.

దర్శనం చేసుకొని దిగినవాళ్లంతా మెట్ల మీద వరుసగా కూలబడ్డారు. ఒకామె తలకు కొంగు చుట్టుకొని అప్పుడే గురక పెడుతున్నది. వెంకటనర్సు చెవి వెనుక నుంచి పెన్సిలు తీసి, మోకాలి మీద నోటుబుక్కు పెట్టుకొని ఒక్కొక్కరినే అడుగుతున్నాడు. గుంపులోని యాదగిరి తన తండ్రి పేరు, తాత పేరు చెప్పాడు. సుభద్రమ్మ మగని పేరు తాను చెప్పకుండా పక్కామె చెవిలో ఊది చెప్పించింది.

"సావిత్రమ్మక్కా, మీ దిక్కు?"

ఆండాళు అత్త దిక్కు చూసింది. అత్త ఇప్పుడు 'మాకెవ్వరు లేరు, వద్దు' అంటే చాలు. తల్లి వద్దన్న పిండం ఎవరూ పెట్టనివ్వరు. పన్నెండేళ్ల మీద ఇంకెన్నేళ్లో.

"ఆండాళునడుగు తమ్మీ," అంది సావిత్రమ్మ. "అది ఎట్లంటే అట్ల."

"చెప్పు చెల్లె. పేరు?"

"మొగని పేరు అదెట్ల చెప్తది?" అని సుభద్రమ్మ అందుకుంది. "నేను చెప్త, రాసుకో..."

"నేనే చెప్త," అంది ఆండాళు. పెళ్లయిన నాటి నుంచి ఒక్కసారి కూడా నాలుక మీదికి రానీయని పేరు. "బిక్షం."

మెట్ల మీద ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. వెంకటనర్సు రాసుకున్నాడు.

"తిథి? ఇల్లిడిసి పోయిన తిథి చెప్పినా నడుస్తది."

చెప్పాల్సింది ఫాల్గుణంలోని తిథి. ఊళ్లో పురోహితుడు చీటీ మీద రాసి కూడా ఇచ్చాడు. ఆండాళు చెయ్యి ఆ చీటీ కోసం కొంగు ముడి దాకా పోయి ఆగింది. ఆ దినం అతను షోలాపురం పోయాడు, అంతే. ఆమె మగడు పోయిన దినం అది కాదు, ఆ చీర మడత పెట్టిన దినం. ఇన్ని అబద్ధాల మధ్య ఒక్క నిజమైనా ఆ పుస్తకంలో ఉండాలని ఆమెకు అనిపించింది. ముందు వెనుకలు ఆలోచించే ఓపిక అప్పటికి అయిపోయింది.

"కార్తీక శుద్ధ పంచమి," అంది. "నాగుల చవితి తెల్లారి. రెండేండ్ల కింద."

పెన్సిలు ఆగింది. వెంకటనర్సు కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"రెండేండ్లంటవేంది చెల్లె? పన్నెండేండ్ల నుంచి పత్తా లేడనే గదా మీ పెద్దమనుషులు చెప్పింది? అంటే మొన్నమొన్నటిదాక మనిషి ఉన్నడా? సచ్చింది ఎవ్వరు సూసిండ్రు? గిట్లయితే నేను రాయనమ్మా. అది పాపం. బతికున్నోనికి పిండం పెట్టిచ్చిన పాపం నాకొద్దు."

గురక పెడుతున్నామె కూడా లేచి కూర్చుంది. అందరి కళ్లూ ఆండాళు మీద. ఆమె తల వంచుకుంది. పుస్తకం మూసేస్తారు. మగ్గం సిద్దిరాములు చెప్పుచేతల్లోనే ఉండిపోతుంది.

పక్కన సావిత్రమ్మ ఉబ్బిన కాళ్ల మీద మెల్లగా లేచింది. కోడలి భుజం పట్టుకొని నిలదొక్కుకుంది. బూడిద మరక ఆండాళు జాకెట్టు మీద అంటింది.

"నేను సూసిన," అంది.

"ఏంది అక్కా?"

"నా కొడుకు సచ్చిపోంగ నేను సూసిన. గా పంచమి నాడే. షోలాపురంల. పోయి, నా కండ్లతోని సూసి, నా చేతులతోని మట్టి చేసొచ్చిన. కోడలు తట్టుకోదని ఊళ్లె చెప్పలే. కన్నతల్లిని చెప్తున్న, రాసుకో తమ్మీ."

ఆండాళు అత్త ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఏడుపు లేదు. వెంకటనర్సు కాసేపు తటపటాయించి, కన్నతల్లి మాట కన్నా సాక్ష్యం ఏముందనుకున్నాడో ఏమో, పెన్సిలు నాలుక మీద తడుపుకొని రాయబోయాడు.

అప్పుడు కింది మెట్టు మీద నుంచి సుభద్రమ్మ తల తిప్పింది. ఆమె చెడ్డది కాదు. మనసులో అనిపించింది దాచుకోవడం తెలియనిది, అంతే.

"షోలాపురం ఎప్పుడు పోతివే సావిత్రా?" అంది. "గా పంచమి నాడు పుష్పమ్మ చీర తెచ్చిందని నన్ను పిలిస్తివి గదా. పొద్దుమూకి చీకటి పడేదాక నేను మీ ఇంట్లనే ఉంటి."